జమిడిక తోలు కట్టిన మోటారు

ఇప్పుడు కొత్తకోట రోడ్డు మీద నిలవడి చూడుండ్రి, పాట మోగని లారీ ఒక్కటి కనవడదు. డ్రైవరు దగ్గినా ఆ దగ్గు పాటలనే కలిసిపోతది. మా వీపనగండ్ల దిక్కు మొట్టమొదలు మోటారుల పాట కట్టిచ్చినాయన అనంతయ్య పటేలు. ఆ మోటారు తోలింది నేను, డ్రైవరు శ్రీశైలాన్ని.

జర్మనోళ్లతోని లడాయి నడుస్తున్న రోజులు. పెట్రోలు దొరకదు. మోటారు వెనక ఇనుప పొయ్యి కట్టి, దాంట్ల బొగ్గులు రాజేసి, ఆ గ్యాసుతోని నడిపేటోళ్లం. నల్లమల బొగ్గు పోస్తే కోడె లెక్క ఉరుకుతుండె, తుమ్మ బొగ్గు పోస్తే ఎనుబోతు లెక్క నిలవడుతుండె. ఒకసారి ఖిల్లా ఘణపూర్ కాడ ఎత్తు ఎక్కుతున్నం. ముందర గడ్డిమోపు ఎత్తుకొని ఒక ముసలమ్మ పోతుంది. ఎంతసేపటికీ ఆమెను దాటుతలేం. ఆఖరికి ఆమెనే ఆగి, వెనక్కి తిరిగి, "అలిసినట్టున్నరు బిడ్డా. తాడు ఉంటే ఇయ్యుండ్రి, జర గుంజుత" అన్నది.

నవ్వుండ్రి. ఈ కథల నవ్వేదంతా ముందుగాల్నే నవ్వుకోవాలె.

పటేలు తమ్ముడు నాగన్న. పాటల పిచ్చోడు. పట్నం నుంచి గ్రామఫోను పెట్టె తెచ్చుకున్నడు. చేనుకు పోయినా బండ్ల ముందు అది ఎక్కాలె, దాని వెనక తాను ఎక్కాలె. ఒక ప్లేటు అంటే మరీ పానం. ఎవరో ఆడమనిషి హార్మోనియం మీద పాడిన పాట. నడిమిట్ల ఒక చోట ఆమె గొంతు గాలిపటం లెక్క లేచి, పైకి పోయి, అక్కడనే నిలవడుతది. అప్పుడు నాగన్న తొడ మీద చెళ్లున చరిచి "వారెవ్వా!" అంటడు. ఎన్నిసార్లు పెట్టినా అక్కడ వారెవ్వా పడాల్సిందే. అరిగి అరిగి ప్లేటు మీద ఆయన వారెవ్వా గూడ అచ్చువడ్డదని మేం ఎకసెక్కాలు ఆడేటోళ్లం.

ఆ నాగన్న వానకాలంల గద్వాలకు పోతూ కృష్ణ దాటుతుంటే పుట్టి తిరగవడ్డది. పుట్టిల ఉన్నోళ్లు కొందరు ఈది బయటవడ్డరు. కొందరు దిగువన తేలిండ్రు. నాగన్న ఈ లెక్కల లేడు, ఆ లెక్కల లేడు. ఏరు ఇయ్యలే, ఒడ్డు చూపియ్యలే.

ఇగ ఆయన పెండ్లాం రేణుకమ్మ గతి చెప్పాలె. పొద్దున లేస్తే ముఖాన రూపాయి బిళ్లంత బొట్టు పెట్టుకుంటది, చేతుల నిండ ఆకుపచ్చ గాజులు. ఆమెను ముత్తైదువ అని పేరంటానికి పిలిచేటందుకు ఎవరికీ ధైర్యం చాలదు, పిలవకుండ ఉండేటందుకూ చాలదు. ఆమె బాయి కాడికి వస్తే ఆడోళ్ల మాటలు ఆగిపోయి గాజుల చప్పుడొక్కటే ఇనవడుతుండె.

మా దిక్కు నీళ్లల్ల పోయి శవం దొరకనోళ్లకు ఒక పద్ధతి ఉండె. బైండ్లాయన ఏటి ఒడ్డున కూసొని జమిడిక వాయిస్తడు. చేతిల పట్టే చిన్న వాద్యం అది. గుండ్రటి డబ్బా, దాని అడుగున తోలు, తోలు నడిమిట్ల బొక్క, ఆ బొక్కల నుంచి ఒక నరం. నరం మీటితే తోలు టుంగు టుంగున మాట్లాడుతది. వాయిస్తూ పోయిన మనిషిని పిలుస్తడు. పలికితే ఆ మనిషి చచ్చినట్టు. పెండ్లాం గాజులు తీస్తరు, దినాలు చేస్తరు. బతికున్నోడు జమిడికకు పలకడు, అది వాని కోసం పుట్టిన పిలుపు గాదు.

రేణుకమ్మ ఆ జమిడికను ఏటి ఒడ్డుకు రానియ్యలే.

"ఏడాది దగ్గరికొస్తుంది రేణుకమ్మా" అన్నడు పటేలు ఒకనాడు, గోడ దిక్కు చూసుకుంట. "కులపోళ్లు నా గల్ల పడుతున్నరు."

"పట్టనియ్యుండ్రి బావా. పట్టేది మీ గల్లనే గద, నా చేతులు గావు గద."

"బైండ్ల ఓబయ్య ఒక్క పూట వాయించి పోతడమ్మా. మనసు నిమ్మళమైతది."

"ఎవరి మనసు? చచ్చినోళ్లను పిలిచే పిలుపుతోని బతికున్నోన్ని పిలుస్తరా? కర్నూలు దిక్కు ఫకీర్లల్ల కనవడ్డడని చెప్పినోళ్లు లేరా?" ఆమె జర ఆగి, గొంతు దించింది. "గ్రామఫోనును మోటారుల కట్టిచ్చుండ్రి బావా. ఏటి పొడుగున తిప్పుండ్రి. మతి తప్పి ఏ తుమ్మ కింద పడి ఉన్నా ఆ పాటకు లేచొస్తడు. రాకుంటే అప్పుడు మీ ఓబయ్యను వాయించుకోనియ్యుండ్రి. నేను అడ్డం రాను."

పటేలుకు తమ్ముడంటే పానం, మరదలంటే భయం. పని మొదలైంది.

మోటారును పసుల కొట్టంల పెట్టి సాయన్నను పిలిపిచ్చినం. సాయన్న కమ్మరి పని చేస్తడు, రేకు పని చేస్తడు, రెండిటికన్న ఎక్కువ మాటల పని చేస్తడు. మొదలు పెట్టెను వెనక సీటు మీద పెట్టి తోలి చూసినం. చక్రం కింద గులకరాయి పడితే చాలు, సూది ఎగిరి పాట కుంటుతుండె. సాయన్న గడ్డం గోక్కొని, "పసిపిల్లను బండ్ల ఎట్ల తీస్కపోతం?" అని, మోటారు కప్పు కమ్ములకు తాళ్లు కట్టి పెట్టెను ఉయ్యాల లెక్క యాలాడదీసిండు. కింద తవుడు బస్తా పెట్టిండు. మోటారు ఎంత ఎగిరినా పాట నిద్రవోయినట్టు ఊగుతుండె.

పెట్టెకు పాట బయటికొచ్చే ఇత్తడి పువ్వు చిన్నది. దీపాల గ్యాస్‌నూనె డబ్బాలు కోసి, అతికి, సాయన్న ఇంకో పువ్వు చేసిండు. కప్పు వెనక గుడ్డ కోసి దాన్ని బయటికి పెట్టిండు. ఎంత పెద్దదంటే, తెల్లారి చూస్తే పటేలు కోడిపెట్ట దాంట్ల గుడ్డు పెట్టి, దగ్గరికి పోతే మమ్మల్నే పొడవవచ్చింది. ఆ కోడి చనిపోయేదాంక హార్మోనియం రాగంల కూసిందంటరు. కోడిపెట్ట కూయదు అంటరా? ఆ కోడిని మీరు చూసిండ్రా, నేను చూసిన్నా?

అంతా అయినంక సాయన్న చెయ్యి ఊకోలే. గ్రామఫోనుకు సూది పట్టుకునే కాడ గుండ్రటి డబ్బి ఉంటది. దాంట్ల ఒక అభ్రకం బిళ్ల. సూది ప్లేటు మీద గీస్తుంటే ఆ బిళ్ల అదురుతది. ఆ అదురే పాట. సుత్తె పట్టే వేళ్లతోని ఆయన దాన్ని విప్పి తుడువబోయిండు. పటుక్కుమన్నది.

లడాయి రోజులల్ల అభ్రకం యాడ దొరకాలె? కాగితం అతికిండు, పాట చెవిటోనికి చెప్పినట్టు అయింది. మేక పేగు పొర సాగదీసి కట్టిండు, ఆ ఆడమనిషి నిజంగ మేక లెక్క అరిచింది. ఇంక రెండు దినాలు కొట్టంల తిట్లు తప్ప వేరే పాట లేదు. మూడో నాడు నేను పోయేసరికి సాయన్న మీసం దువ్వుకుంటుండు.

"ఇను డ్రైవరు సాబ్" అని సూది పెట్టిండు.

గొంతు వచ్చింది. ముందటి గొంతే, గని బాయి అడుగున నిలవడి పాడినట్టు ఉన్నది. పాట కింద ఇంకేదో టుంగుమంటుంది.

"ఏం కట్టినవు సాయన్నా?"

"ఓబయ్య తాత జమిడికకు కొత్త తోలు వేసుకున్నడు. డబ్బా కడియం సక్కజేయమని నా కాడ ఇడిసిపెట్టిండు. అప్పుడు ఇప్పిన పాత తోలు మా చూరులనే ఉండిపాయె. నడిమి ముక్క కోసిన. బొక్క గూడ దేవుడు కొలిచి కొట్టినట్టు ఉన్నది చూడు, సూది కడ్డీ మర దాంట్లనే దిగింది."

"అది జమిడిక తోలు గద!"

"డబ్బాకు ఉన్నంతసేపే జమిడిక. ఇప్పినంక ఒట్టి మేక తోలు. నీ చెప్పు ఇప్పి పక్కన పెడితే అది నడుసుకుంట పోతదా ఏంది?"

తలుపు కాడ పటేలు నిలవడి ఇనుకుంటనే ఉన్నడు. "పాట మోగుతుంది గద" అన్నడు. "రేణుకమ్మకు చెప్పకుండ్రి." ఇగ నాది ఏమున్నది, పటేలు మాట.

తెల్లారి మిట్టమధ్యాహ్నం బయలెల్లినం. ఎండాకాలం. పసులు నీడకు చేరినయి, గాలి గూడ యాడనో కూలవడ్డది. పటేలు నా పక్కన, రేణుకమ్మ వెనక. ప్లేటు అయిపోతే తిప్పి పెట్టేది, చావి ఇచ్చేది ఆమెనే. ఏటి పొడుగున బండిబాట. పక్కన ఇసుక, ఇసుక అవుతల సన్నగ నీళ్లు.

ఊరు దాటేటప్పుడు కుక్కలు వచ్చినయి. మొరగలే. బాట పక్కన వరుసగ కూసొని, మోటారును గాదు, మోటారు వెనక ఉన్నదాన్ని చూసినట్టు తలకాయలు తిప్పినయి. చేలల్ల ఉన్నోళ్లు పాట ఇని దగ్గరికి రావాలె గద, ఒక్కడు రాలే. ఒక ముసలాయన మమ్మల్ని చూసి కండువ ముఖం మీద కప్పుకున్నడు. నేను నవ్వబోయిన, నవ్వు రాలే.

నాగన్న పుట్టి తిరగవడ్డ మలుపు వచ్చింది. పాట సరిగ్గ ఆ చోటికి వచ్చింది. ఆమె గొంతు లేచింది, పోయింది, పైన నిలవడ్డది.

"వారెవ్వా!"

ఏటి దిక్కు తుంగ పొదల్ల నుంచి వచ్చింది. గొంతు నిండ నీళ్లు ఉన్నోడు అన్నట్టు.

నా కాలు దానంతట అదే బిరేకు మీద పడ్డది. నేను దిగేలోపే రేణుకమ్మ దూకి ఇసుకల ఉరుకుతుంది, పాదాలు కాలుతున్నయన్న తెలివి లేదు. తుంగల ఎవరూ లేరు. ఒడ్డున నల్లటి సలప బండ మీద తడి పాదాలు మాత్రం ఉన్నయి. నీళ్లల్ల నుంచి పైకి వచ్చినయి. తిరిగి నీళ్లకు పోయినయి లేవు. మేం చూస్తుండంగనే ఎండకు ఒక్కొక్కటి ఆరిపోతున్నయి.

రేణుకమ్మ ఆరని పాదం మీద చెయ్యి పెట్టి చూసి, పకపక నవ్వింది.

"చూస్తిరా బావా? వేళ్లు ముందరికి, మడిమ వెనకకు. దయ్యాలకు తిరగేసి ఉంటయంట గద! మనిషి పాదం ఇది. నా మొగని పాదం. సిగ్గువడి దాక్కున్నడు. రేపు మల్ల వద్దాం, ఎల్లుండి మల్ల వద్దాం. యాడికి పోతడు?"

పటేలు నా దిక్కు చూసిండు. నేను నేల దిక్కు చూసిన. ఏడాది సంది ఆ మనిషి నవ్వంగ మేం చూడలే. ఇప్పుడు ఎవడు నోరు తెరవాలె?

తెరిచేటోడు అటునుంచే వచ్చిండు. ఏటి ఇసుకల పుచ్చ తోటలున్నయి. అందుల కావలి ఉన్న బైండ్ల ఓబయ్య కట్టె ఊపుకుంట, ఒగుర్సుకుంట వస్తుండు. వచ్చుడు వచ్చుడే పటేలు అని గూడ చూడలే.

"ఎవడు వాయిస్తుండు? నా తోలు గొంతు నాకు తెల్వదా? నేను తోటల ఉంటే నా జమిడిక బాట మీద ఎట్ల మోగుతుంది?"

"జమిడిక యాడిది తాతా? అది గ్రామఫోను" అన్నది రేణుకమ్మ.

ముసలాయన మోటారు కాడికి పోయి, ఉయ్యాలల ఉన్న పెట్టెకు చెవి పెట్టి, డబ్బిని వేలితోని తాకిండు. వెంటనే చెయ్యి గుంజుకున్నడు.

"ఆ సాయన్నగాని చేతులు ఇరగ! వాయించి ఇడిసిన తోలును ఏట్ల కలుపుతం తల్లీ, దాచిపెట్టం. నలభై ఏండ్లు చచ్చినోళ్లను పిలిసిన తోలు అది. డబ్బాకుంటే ఏంది, మోటారుకుంటే ఏంది, దానికి తెలిసింది ఒక్కటే పని. దానికి పలికినోడు..." అని, ఆమె గాజులు చూసి ఊకున్నడు.

రేణుకమ్మ నవ్వు ముఖం మీదనే ఉన్నది, గని దాని వెనక మనిషి లేదు. పెట్టె మీద ప్లేటు ఒట్టిగ తిరుగుతుంది.

"బావా" అన్నది ఆఖరికి. "మీకు ఎరుకేనా?"

పటేలు తలకాయ ఊపిండు.

ఆమె తిట్టలే. తిడితే బాగుండు. "ఆ తోలు ఇప్పుండ్రి. అభ్రకం వేయించుండ్రి. బతికున్నోడయితే దానికి గూడ పలుకుతడు. అప్పటిదాంక నా చేతుల దిక్కు ఎవరూ చూడకుండ్రి."

అభ్రకం కోసం నన్ను కర్నూలు పంపిండ్రు. అదే ఏరు, అదే తీరు పుట్టి. పుట్టి తోలేటోడు "ఎందుకన్నా గట్ల వణుకుతున్నవు?" అంటే, చలి అని చెప్పిన. మండుటెండల. కర్నూలుల ఒక గడియారాల దుకాణపాయన కాడ ఇరిగిపోయిన గ్రామఫోను సామాను దొరికింది, దాంట్ల బిళ్ల మంచిగ ఉండె. ఈసారి సాయన్నను ముట్టనియ్యలే. రేణుకమ్మనే బిగించింది, సూదిల దారం ఎక్కిచ్చినంత మెల్లగ.

మల్ల అదే బాట, అదే ఎండ. సూది పెట్టంగనే పాట వచ్చింది చూడుండ్రి, అద్దం తుడిసినట్టు, తేటగ. కుక్కలు మొరుగుకుంట ఎంటవడ్డయి. చేలల్ల ఉన్నోళ్లు పనులు ఇడిసి ఉరికొచ్చిండ్రు. పిల్లలు మోటారు వెనక యాలాడిండ్రు. ఒక బర్రె తాడు తెంపుకొని మాతో పాటు నడిచి, సాయంత్రం దాని ఆసామికి ముందటికన్న ఎక్కువ పాలిచ్చిందంట. గొర్లు వచ్చినయి, కాకులు వచ్చినయి. బతికున్నదంతా వచ్చింది.

మలుపు కాడ నేను మోటారు నిలబెట్టిన. పాటల ఆమె గొంతు లేచింది, పోయింది, పైన నిలవడ్డది. నాగన్న వారెవ్వా అనే చోటు వచ్చింది. ఆ పాటల అంత పెద్ద సందు ఉన్నదని నాకు అప్పుడే తెలిసింది. ఆ సందుల నుంచి ఏటి నీళ్ల చప్పుడు ఇనవడ్డది. పాట కిందికి దిగి, అయిపోయింది.

రేణుకమ్మ మల్ల పెట్టింది. మల్ల పెట్టింది. ఎండ వాలి, వచ్చినోళ్లంతా ఇసుగొచ్చి పోయిండ్రు. ఆమె సూదిని పక్కకు పెట్టి మోటారు దిగింది.

పటేలు ముఖం తిప్పుకున్నడు. ఓబయ్య గూడ తోట కాడినుంచి వచ్చి దూరంగ నిలవడ్డడు. గాజులు పగలగొట్టే ఆడోళ్లను పిలవాలె గద, పద్ధతి. ఆమె ఎవరినీ పిలవనియ్యలే. నీళ్లల్ల కూసొని, చేతులు తడుపుకొని, మణికట్టు నొక్కుకుంట ఒక్కొక్క గాజు తీసింది. ఒక్కటి పగలలే. తీసినవన్ని నీళ్లకు ఇడిసింది. బొట్టు కడుక్కున్నది. ఒడ్డెక్కి, "తాతా, ఆ తోలు యాడ ఉన్నది?" అన్నది.

"నా కాడనే ఉన్నది తల్లీ. రేపు ఏట్ల కలుపుత."

"ఎల్లుండి కలుపు. రేపు నాకు కావాలె."

పటేలు ముందటికి వచ్చిండు. "ఎందుకమ్మా మల్ల? తెలిసిపాయె గద."

"తెలిసింది మీకు బావా. మీకు గాజుల లెక్క తేలాలె, తేలింది. నేను ఆయనతోని మాట్లాడలే. పోయిన నాడు నేను పొలంల ఉంటిని, చెప్పకుండ పుట్టి ఎక్కిండు. బతికి రాడని తేలినంక, చచ్చయినా రానియ్యరా?"

ఓబయ్య కట్టె మీద గడ్డం ఆనిచ్చిండు. "పిలిస్తే వస్తడు. అది ఇప్పుడు రుజువైంది. వచ్చినోన్ని నడి బాటల ఇడిసిపెట్టొద్దు, యాడ దించి ఉంచాలెనో పిలిచినోళ్లే చెప్పాలె. అది మా జమిడిక పద్ధతి. నీకు చాతనైతదా?"

"అయితది."

తెల్లారి తోలు బిగించినం. పటేలు రాలే, జ్వరమని పండుకున్నడు. జ్వరమే అయి ఉంటది, నాకూ వచ్చేట్టుండె. మలుపు కాడికి పోయేసరికి మిట్టమధ్యాహ్నం. రేణుకమ్మ తెల్లచీర కట్టుకొని, వెనక సీటుల ఒక మూలకు ఒదిగి కూసున్నది. సూది పెట్టింది. బాయి అడుగు గొంతు మొదలైంది. ఏటి దిక్కు చూడొద్దని, ముందర అద్దంల నుంచి బాట మీద ఉన్న ఒక పేడకడిని చూసుకుంట కూసున్న. ఆ పేడకడి ఇప్పటికీ నా కండ్లల్ల ఉన్నది.

ఇసుకల అడుగుల చప్పుడు. తడి బట్టలు కాళ్లకు కొట్టుకుంట వచ్చే చప్పుడు. మోటారు ఎడమ దిక్కు మెల్లగ కుంగింది, పెద్ద మనిషి మెట్టు మీద కాలు పెట్టినట్టు. సీటు స్ప్రింగులు కిర్రుమన్నయి. నాచు వాసన, ఒండ్రు వాసన వచ్చి నా మెడ మీద కూసున్నది. పాట పైకి లేచింది. నా వీపు వెనక, చెయ్యి చాపితే అందేంత దగ్గర, తడి తొడ మీద చెళ్లున దెబ్బ పడ్డది. నా అంగి మీద నీళ్లు చిట్లినయి.

"వారెవ్వా."

ఈసారి గట్టిగ అనలే. ఇంట్ల కూసొని అనుకున్నట్టు అన్నడు.

రేణుకమ్మ ఏడుస్తదనుకున్న. ఏడువలే. "జర జరుగు" అన్నది, ఎప్పటి లెక్క. "నా చీరంత తడుస్తుంది."

స్ప్రింగులు మల్ల కిర్రుమన్నయి. జరిగిండు.

నేను పేడకడి మీదనే చూపు పెట్టిన. అయినా డ్రైవరు అన్నంక అడగాలె గద.

"యాడికి పోనియ్యాలె అమ్మా?" అన్న, వెనక్కి తిరగకుండ.

"ఇంటికి" అని ఇద్దరూ ఒక్కసారే చెప్పిండ్రు.